అమ్మవారి చేతిలో విత్తనాల సంచి

*అఘాయిత్యానికి గురైన స్త్రీ కథను మన సినిమా ఒకసారి గంగలో ముగించింది, ఒకసారి గొడ్డలితో ముగించింది. ఆ మర్నాటి నుంచి ఆమె బతకాల్సిన రోజుల మాటేమిటి?*

తెల్లారీ తెల్లారకముందే పిఠాపురం పాదగయ మెట్లు తడిసిపోతాయి. పెద్దలకు పిండం పెట్టడానికి వచ్చిన కుటుంబాలు పుష్కరిణిలో మునిగి లేచి, తడిబట్టలతోనే కుక్కుటేశ్వరుడి గుడి వైపు నడుస్తాయి. గయాసురుడి పాదాలు ఇక్కడున్నాయని నమ్మకం. అందుకే ఎక్కడెక్కడి వాళ్లో తమ పోయినవాళ్లను తలుచుకోవడానికి ఈ ఊరికి వస్తారు. అదే ప్రాంగణంలో పురుహూతికా అమ్మవారి గుడి ఉంది. అష్టాదశ శక్తిపీఠాల్లో పదోది. అమ్మవారికి నాలుగు చేతులు. ఒక చేతిలో గొడ్డలి, ఒక చేతిలో తామర, ఒక చేతిలో మధుపాత్ర, మిగిలిన చేతిలో విత్తనాల సంచి. దణ్ణం పెట్టుకునేవాళ్ల చూపు ముందు గొడ్డలి మీదికే పోతుంది. విత్తనాల సంచిని ఎవరైనా చూపిస్తే తప్ప గమనించం.

ఈ ఊరికి ఆ పేరు వచ్చిందే సతీదేవి కథ నుంచి. తండ్రి దక్షుడి యజ్ఞశాలలో నలుగురిలో అవమానం పడిన ఆడకూతురు అక్కడే దేహం విడిచింది. ఆ యజ్ఞం జరిగిన చోటు మన ద్రాక్షారామమని, ముక్కలైన ఆమె దేహంలో పీఠభాగం పడిన చోటు పిఠాపురమని స్థలపురాణాలు చెబుతాయి. రెండు ఊళ్లూ గోదావరి సీమలోవే, మధ్యలో కాకినాడ. అవమానపడి ప్రాణం తీసుకున్న స్త్రీ దేహం ముక్క పడిన చోటల్లా గుడి కట్టి మొక్కడం మనకు తెలుసు. అదే అవమానం పడి కూడా ప్రాణం నిలుపుకుని, మర్నాడు పొద్దున్నే వీధి కుళాయి దగ్గరికి బిందె పట్టుకొచ్చిన స్త్రీతో ఏం మాట్లాడాలో మాత్రం మనకు తెలియదు. తెలుగు సినిమా కూడా ఇంతకాలం ఆ మాట దొరక్కే తడబడింది.

2025 నవంబరు 7న రాహుల్ రవీంద్రన్ దర్శకత్వంలో, రష్మిక మందన్న ప్రధాన పాత్రలో 'ది గర్ల్‌ఫ్రెండ్' విడుదలయ్యాక ఈ సంగతి మళ్లీ చర్చకొచ్చింది. ప్రేమ పేరుతో ఊపిరాడనివ్వని సంబంధంలో చిక్కిన ఒక పీజీ విద్యార్థిని, అందులోంచి తనను తాను బయటికి లాక్కోవడమే ఆ సినిమా. ఇందులో కథేముందని పెదవి విరిచినవాళ్లున్నారు. హాల్లో కూర్చుని గుక్కపట్టి ఏడ్చినవాళ్లూ ఉన్నారు. ఈ రెండు స్పందనల మధ్య ఉన్న దూరాన్ని పట్టించుకోవాలి. దెబ్బ తిన్న స్త్రీ కోలుకోవడం అన్నది మన ప్రేక్షకుల్లో సగం మందికి ఇంకా 'కథ'గా కనిపించడం లేదు. వాళ్లకు కథంటే దెబ్బ తగలడం, లేకపోతే దెబ్బకు దెబ్బ తీయడం. మధ్యలో ఉండే నెలలూ ఏళ్లూ కూడా కథేననీ, ఆ కథ బాగుపడేదీ పాడయ్యేదీ చుట్టూ ఉన్నవాళ్ల చేతుల్లోనేననీ చూపించే సినిమాలు మనకు కావాలి. ఈ వ్యాసం వాదన ఇదే.

గంగలో కలిసిన భారతి

1979లో బి.ఎస్. నారాయణ తీసిన 'నిమజ్జనం' గొప్ప సినిమా. అందులో నటనకే శారద మూడోసారి జాతీయ ఉత్తమ నటి అయ్యారు. పెద్దాయన అస్థికలు గంగలో కలపడానికి భార్యాభర్తలు కాశీకి బయలుదేరతారు. దారిలో బండివాడు భార్య భారతిపై అత్యాచారం చేస్తాడు. ఆ తర్వాత శారద ముఖం చూడాలి. అరుపులు లేవు, శాపనార్థాలు లేవు. లోపల ఏదో ఆరిపోయినట్టు కళ్లు నిలిచిపోతాయి. మానసిక గాయం అనే మాట మన పత్రికల్లో అడుగుపెట్టకముందే ఆ గాయం ఎలా ఉంటుందో ఆమె చూపించేశారు. అయితే కథ ఆమెను ఎక్కడికి తీసుకెళ్లింది? గంగలోకి. అస్థికల వెనకే ఆమె కూడా.

ఆ ముగింపు అబద్ధమని అనలేం, ఎందుకంటే ఆ రోజులు అలాంటివి. 1978 మార్చిలో హైదరాబాద్‌లో రాత్రిపూట సినిమా చూసి వస్తున్న దంపతుల్లో భార్యను నల్లకుంట పోలీసు స్టేషనులో చెరిచారు, ఎదురుతిరిగిన భర్తను కొట్టి చంపారు. ఊరు భగ్గుమంది, కర్ఫ్యూ పెట్టారు. జస్టిస్ ముక్తదర్ కమిషన్ విచారణలో తమను కాపాడుకోవడానికి పోలీసుల పక్షం ఎంచుకున్న దారి ఆమె నడవడిక మీద బురద చల్లడం. కమిషన్ ఆ బురదను నమ్మలేదు, పోలీసులనే తప్పుపట్టింది. కానీ కేసు కర్ణాటకలోని రాయచూరు కోర్టుకు మారి, నిందితులు నిర్దోషులుగా బయటపడ్డారు. ఆమె పేరు ఆనాటి పత్రికలన్నీ అచ్చువేశాయి. ఇక్కడ మాత్రం వేయడం లేదు. అంతా ముగిశాక ఆమె ఏ వీధిలో, ఎవరి మధ్య బతికిందన్నది ఎవరూ పట్టించుకోలేదు. భారతికి గంగ తప్ప వేరే దారి ఊహించలేకపోయిన ఆ కథ ఆనాటి సమాజాన్ని ఉన్నదున్నట్టే చూపింది. చిక్కంతా ఆ ముగింపు ప్రేక్షకుడి మనసులో ధర్మంగా స్థిరపడటంలో ఉంది. ప్రాణం తీసుకున్న స్త్రీ పవిత్రురాలైతే, తీసుకోని స్త్రీ సంగతేమిటన్న సందేహం ఆ వెనకే వస్తుంది. బతికి బట్టకట్టిన ప్రతి ఆడమనిషి నెత్తినా ఆ సందేహం పడుతుంది.

గొడ్డలి పట్టిన ఝాన్సీ

ఆరేళ్ల తర్వాత, 1985లో, ఉషాకిరణ్ మూవీస్ పతాకంపై టి. కృష్ణ తీసిన 'ప్రతిఘటన' ఆ గంగను దాటించింది. విజయశాంతి వేసిన లెక్చరర్ ఝాన్సీని నడివీధిలో రౌడీ కాళి వివస్త్రను చేస్తాడు. ఊరంతా నిలబడి చూస్తుంది. ఆమె చావదు. మళ్లీ కాలేజీకి వెళ్తుంది. తెలుగు సినిమా చరిత్రలో అదొక మలుపు. తరగతి గదిలో నల్లబల్ల మీద తన ఒంటిని గీసిన వెకిలి బొమ్మ కనిపించినప్పుడు ఆమె పాడే వేటూరి పాటను నలభై ఏళ్లు గడిచినా జనం మరచిపోలేదు. నన్నడిగితే ఆ సినిమాకు గుండెకాయ ఆ గదే. గాయం చేసింది కాళి. దాన్ని ఆరనివ్వకుండా గెలుకుతున్నది ఎదురుగా బెంచీల మీద కూర్చున్న పిల్లలు. వాళ్లు సిగ్గుపడి తల దించుకున్న ఆ క్షణమే ఆమెకు దొరికిన మొదటి మందు.

కానీ మన జ్ఞాపకంలో ఆ బెంచీల కంటే బలంగా మిగిలింది చివరి గొడ్డలి. సన్మాన సభలో పూలదండ వేసి, గొడ్డలితో కాళిని నరికిన ఝాన్సీ. హాళ్లు చప్పట్లతో దద్దరిల్లాయి. ఆ చప్పట్లను తేలిగ్గా తీసిపారేయకూడదు. న్యాయం అందక విసిగిపోయిన జనం కడుపుమంట అది. భయంతో బతుకుతున్న ఎందరో ఆడవాళ్లకు అది ఊపిరి. గొడ్డలి లేకపోతే ఝాన్సీ కథకు అర్థమే లేదనేవాళ్లకు నా జవాబు ఒకటే: గొడ్డలి పడ్డాక ఝాన్సీ జైలుకు వెళ్తుంది, మనం ఇళ్లకు వెళ్తాం. దుష్టుడు చచ్చాడు గనక మన పని అయిపోయింది. వీధిలో నిలబడి చూసిన ఊరు ఏమైనా మారిందా అన్న ప్రశ్న ఆ చప్పట్లలో కలిసిపోతుంది.

ఈ గొడ్డలి తెర దిగి రోడ్డు మీదికి ఎలా వచ్చిందో 2019 డిసెంబరు 6న చూశాం. శంషాబాద్ దగ్గర యువ వైద్యురాలిపై జరిగిన ఘోరంలో నిందితులు నలుగురినీ చటాన్‌పల్లి దగ్గర పోలీసులు కాల్చి చంపారు. జనం పూలు చల్లారు, మిఠాయిలు పంచారు. అది ఎదురుకాల్పులన్న పోలీసుల కథనం నమ్మదగ్గది కాదని, చంపాలనే కాల్చారని సుప్రీంకోర్టు వేసిన జస్టిస్ సిర్పుర్కర్ కమిషన్ తేల్చింది. ఆ నివేదిక 2022లో బయటికొచ్చేసరికి పూలు చల్లినవాళ్లలో దాన్ని గుర్తుపెట్టుకున్నవాళ్లు ఎందరు? నేరస్థుడి చావే ముగింపు అనుకున్నాక మిగతా ప్రశ్నలు అడగాలని ఎవరికీ తోచదు.

లాయరుగారు గెలిచాక

పిఠాపురం 2024లో ఒక సినిమా కథానాయకుణ్ణి శాసనసభకు పంపిన ఊరు. ఆయన, అంటే పవన్ కల్యాణ్, 2021లో చేసిన 'వకీల్ సాబ్' ఈ చర్చకు నేరుగా సంబంధించినది. ముగ్గురు అమ్మాయిలు తమపై చెయ్యేసిన కుర్రాడి నుంచి తప్పించుకుని, ఎదురు కేసులో ముద్దాయిలవుతారు. 2016 నాటి హిందీ 'పింక్' దానికి మూలం. హిందీలో లాయరు వయసు మళ్లిన మనిషి, మనసుకు జబ్బు ఉన్నవాడు, కోర్టులో తప్ప ఎక్కడా కలబడడు. తెలుగుకు వచ్చేసరికి లాయరుకో ప్రేమకథ, ఫైట్లు చేరాయి. ఆ మేరకు అమ్మాయిల భయం, నిద్రలేని రాత్రులు, పనిచేసే చోట తలెత్తుకోలేకపోవడం పక్కకు జరిగాయి. అయినా ఆ సినిమా చేసిన మేలు చిన్నది కాదు. ఆడది వద్దంటే దానికి వద్దనే అర్థమన్న మాటను హీరో నోట లక్షలాది మంది కుర్రాళ్ల చెవిన వేసింది. చిన్న సినిమా ఎంత బాగున్నా అంతమందికి చేరదు. నేను అడిగేదల్లా, ఆ తీర్పు వచ్చిన మర్నాడు ఆ ముగ్గురూ కాపురమున్న అపార్ట్‌మెంట్ లిఫ్టులో పక్కింటివాళ్లు ఏమన్నారు? ఆ సీను ఏ హీరో సినిమాలోనూ ఉండదు. బాధితురాలు రోజూ ఎదుర్కొనేది మాత్రం ఆ సీనునే.

---
▪ ఎస్కేప్ సగంలోనే
2015లో లెన్నీ అబ్రహమ్సన్ తీసిన 'రూమ్'లో ఏడేళ్లుగా ఒక షెడ్డులో బందీ అయిన యువతి, అక్కడే పుట్టిన ఐదేళ్ల కొడుకు తప్పించుకుంటారు. మామూలు సినిమా అయితే అక్కడితో శుభం కార్డు పడేది. 'రూమ్'లో అది సినిమాకు సగం మాత్రమే. మిగతా సగం పుట్టింట్లో ఆమె కుప్పకూలడం, తండ్రి మనవడి ముఖం చూడలేకపోవడం, మెల్లగా కూడదీసుకోవడం. ఆ పాత్రకు బ్రీ లార్సన్ ఆస్కార్ అందుకుంది.
---

అమలాపురం అమ్మాయి

ఈ దారిలో తెలుగు సినిమా వేసిన గట్టి అడుగు మన గోదావరి డెల్టా కథతోనే పడింది. రాజేశ్ టచ్‌రివర్ దర్శకత్వం వహించిన 'నా బంగారు తల్లి'లో దుర్గ అమలాపురం అమ్మాయి. తండ్రంటే ఆమెకు దేవుడితో సమానం. ఆ తండ్రి దాచిన బతుకే చివరికి ఆమెను ఆడపిల్లల్ని అమ్ముకునేవాళ్ల చేతిలో పడేస్తుంది. దుర్గగా నటించిన అంజలి పాటిల్ మహారాష్ట్ర అమ్మాయి, అయినా కొబ్బరితోటల మధ్య పెరిగిన పిల్లలాగే అనిపిస్తుంది. 61వ జాతీయ పురస్కారాల్లో అది ఉత్తమ తెలుగు చిత్రమైంది. అంజలికి ప్రత్యేక ప్రశంస, శంతను మొయిత్రాకు నేపథ్య సంగీతానికి పురస్కారం దక్కాయి. అన్ని అవార్డులొచ్చినా పంపిణీకి ముందుకొచ్చేవాళ్లు లేక నిర్మాతలు జనాన్ని చందాలు అడగాల్సి వచ్చింది. చివరికి 2014 నవంబరు 21న హాళ్లకు చేరింది.

ఆ సినిమా వెనకున్న మనిషి సునీతా కృష్ణన్. పదిహేనేళ్ల వయసులో తనపై సామూహిక అత్యాచారం జరిగిందని ఆమే లోకానికి చెప్పారు. 2009లో మైసూరులో ఒక వేదిక మీద మాట్లాడుతూ, ఆ ఘటన కంటే ఆ తర్వాత రెండేళ్లు తనను వెలివేసిన తీరే ఎక్కువగా గుర్తుందని, లోపల రగిలిన కోపమే తనను నడిపించిందని వివరించారు. ఈ వ్యాసానికి అంతకు మించిన సాక్ష్యం అక్కర్లేదు. 1996లో హైదరాబాద్ పాతబస్తీలోని మెహబూబ్ కీ మెహందీ వేశ్యావాటికను ఖాళీ చేయించినప్పుడు దిక్కులేనివాళ్లయిన ఆడవాళ్ల కోసం, వాళ్ల పిల్లల కోసం ఆమె బ్రదర్ జోస్ వెట్టికాటిల్‌తో కలిసి 'ప్రజ్వల' మొదలుపెట్టారు. 2016లో పద్మశ్రీ వచ్చింది. అక్కడ రక్షణ పొందిన అమ్మాయిలు కుట్లు అల్లికలతో ఆగిపోలేదు. వెల్డింగు నేర్చారు, వడ్రంగం నేర్చారు. ముఖానికి కవచం అడ్డం పెట్టుకుని, నిప్పురవ్వలు ఎగురుతుంటే రెండు ఇనుపముక్కల్ని అతికే పని. ఒకప్పుడు తన ఒంటి మీద తనకే హక్కులేని పిల్ల, తన చేతిలో అంత వేడిని పట్టుకుని అదుపులో పెట్టడం ఎలాంటి అనుభవమో ఊహించండి. అయితే సునీత ఫిర్యాదు కూడా వినాలి. చందాలిచ్చే పెద్దమనుషులకు ఈ అమ్మాయిలను ఇంట్లోనో ఫ్యాక్టరీలోనో పనికి పెట్టుకోమంటే చేతులు రావు. దుర్గ ఎలా బోనులో పడిందో చూపడానికి రెండు గంటల సినిమా సరిపోయింది. బయటపడ్డాక సాగాల్సిన పదేళ్ల కథను ఇంకొకరు తీయాలి.

---
▪ చట్టం ఏమంటుంది?
అత్యాచార బాధితురాలి ఆనవాలు తెలిసేలా పేరో వివరాలో ప్రచురిస్తే భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద రెండేళ్ల వరకు జైలు. ప్రభుత్వ, ప్రైవేటు ఆసుపత్రులేవైనా ఆమెకు వెంటనే ఉచితంగా చికిత్స చేయాలి. 'రెండు వేళ్ల పరీక్ష' చేసేవాళ్లు దుష్ప్రవర్తనకు బాధ్యులని సుప్రీంకోర్టు 2022 అక్టోబరు 31న తీర్పిచ్చింది. సాయం కోరే స్త్రీలకు 181 నంబరు ఉంది. వైద్యం, పోలీసు సాయం, న్యాయ సలహా ఒకే చోట దొరికేలా 2015 నుంచి వన్ స్టాప్ సెంటర్లు వచ్చాయి.
---

నీళ్లు మోసిన చేతులు

కోలుకోవడమన్నది ఆమె గుండెధైర్యానికి సంబంధించిన విషయమని, మనోనిబ్బరం ఉంటే లేస్తుందని, లేకపోతే లేదని చాలామంది అనుకుంటారు. అమెరికన్ మనోవైద్యురాలు జుడిత్ హెర్మన్ 1992లో రాసిన పుస్తకం ఈ నమ్మకాన్ని తిప్పికొట్టింది. ముందు భద్రత, తర్వాత జరిగినదాన్ని తలుచుకుని ఏడవగలగడం, ఆ తర్వాత నలుగురిలో మళ్లీ కలవడం. ఈ మూడూ మనుషుల మధ్యే జరగాలి, ఒంటరితనంలో ఎవరూ కోలుకోరని ఆమె వాదన. ఇదేదో బోస్టన్ నుంచి దిగుమతి చేసుకున్న సంగతి అనుకోనక్కర్లేదు. గోదావరి జిల్లాలకు నూట నలభై ఏళ్లుగా తెలుసు.

1881 డిసెంబరు 11న రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం తొలి వితంతు వివాహం జరిపించారు. పెళ్లి ఒక్క రాత్రి పని. అసలు కష్టం ఆ తర్వాతే. వంటవాళ్లు రాలేదు, నీళ్లు పోసేవాళ్లు రాలేదు, వెలి వేస్తామన్న బెదిరింపులొచ్చాయి. విద్యార్థులు కాపలా నిలబడ్డారు. కాకినాడ వర్తకుడు పైడా రామకృష్ణయ్య డబ్బిచ్చి ఆదుకున్నారు. వీరేశలింగం భార్య రాజ్యలక్ష్మమ్మ గోదావరి నుంచి స్వయంగా నీళ్లు మోసి, వండి వడ్డించి, ఆ ఆడపిల్లలను కడుపులో పెట్టుకుని చూసుకున్నారు. తర్వాతి తరంలో పిఠాపురం మహారాజా సూర్యారావు బహదూర్, తన గురువు రఘుపతి వేంకటరత్నం నాయుడి అడుగుజాడల్లో, కాకినాడలో అనాథశరణాలయం నడిపించారు. చరిత్ర పుస్తకాల్లో వీరేశలింగం ఉపన్యాసాలకు దక్కిన చోటు రాజ్యలక్ష్మమ్మ బిందెకు దక్కలేదు. ఆ కొత్త కాపురాలు నిలబడింది ఆ బిందె వల్ల కూడా. సినిమా చూపించాల్సింది ఆ బిందెను.

అది ఎలా ఉంటుందో మన వీధుల్లోంచే చెప్పవచ్చు. గాయపడిన మనిషి రాత్రి గడియ మూడుసార్లు వేసి చూసుకుంటుంది. కాకినాడ బస్సులో కిటికీ పక్క సీటు దొరక్కపోతే దిగిపోతుంది. ఏదో బీడీ వాసనకు చేతిలో గ్లాసు జారిపోతుంది. ఎదురింటావిడ ఏం చేయాలి? "ఆ టైములో అక్కడికెందుకెళ్లావమ్మా?" అని అడగొచ్చు. "నోరు మూసుకుని ఊరుకుంటే పోయేది కదా" అని సలహా ఇవ్వొచ్చు. లేదా "సంతకెళ్తున్నాను, వస్తావా?" అని గుమ్మం దగ్గర నిలబడొచ్చు. ఈ మూడు మాటల మధ్య తేడా సినిమా అంత పెద్దది.

"మరి వినోదం మాటేమిటి?"

డబ్బు పెట్టి టికెట్ కొన్నవాడికి ఏడుపెందుకు, ఇవి ఆడవు అంటారు. 'ప్రతిఘటన'లో పెద్ద హీరో లేడు, అది ఘనవిజయం సాధించి హిందీలో 'ప్రతిఘాత్' అయింది. 1989లో ఒక గిరిజన యువతి న్యాయపోరాటం చూపిన 'మౌనపోరాటం'ను జనం ఆదరించారు. ప్రేక్షకుడు తలుపు వేయలేదు, 'నా బంగారు తల్లి' అనుభవం చూస్తే తలుపు వేసినవాళ్లు మధ్యలో ఉన్నారు. హాళ్లు కరువైతే ఇప్పుడు ఓటీటీలున్నాయి.

ఇంకో అభ్యంతరం మరింత బరువైనది. తెర మీద మళ్లీ ఆ ఘోరాన్ని చూపితే నిజంగా గాయపడిన స్త్రీకి అది రెండో గాయమని. ఇది నిజం, దీనికి ఒప్పుకోవాల్సిందే. మన సినిమాల్లో రేప్ సీనును కెమెరా నేరగాడి కళ్లతో తీసిన పాపం చిన్నది కాదు. నేరాన్ని చూపడం తగ్గించి ఆ తర్వాతి కాలాన్ని చూపమని నేను అడిగేది అందుకే. మలయాళంలో 2019లో వచ్చిన 'ఉయరే'లో యాసిడ్ దాడి జరిగిన పల్లవిగా పార్వతి కనిపిస్తుంది. దాడి కొన్ని క్షణాలే. ఆ తర్వాతదంతా విమానంలో ఉద్యోగానికి, నలుగురి చూపుల మధ్యకు ఆమె తిరిగి రావడం. ఇక సినిమాల వల్ల ఏం మారుతుంది, చట్టాలు మారాలి గానీ అనేవాళ్లకు: చట్టం ఆసుపత్రి తలుపు తెరిపించగలదు, పత్రికలో పేరు రాకుండా ఆపగలదు. పెళ్లి భోజనాల్లో ఆమె పక్కన విస్తరి వేసుకుని కూర్చోమని ఎవరినీ ఆదేశించలేదు.

ఉప్పాడ మగ్గం మీద

అలాంటి సినిమా పిఠాపురం పరిసరాల్లోనే తీయొచ్చు. కథానాయిక ఉప్పాడ కొత్తపల్లి చేనేత ఇంటి పిల్ల. జమదానీ చీరకు మగ్గం మీద ఒక్కరు చాలరు, ఇద్దరు పక్కపక్కన కూర్చోవాలి. ఒకరు తమ వైపు బుటాకు రంగు పోగులు వేళ్లతో ఎక్కిస్తుంటే, రెండోవారు తమ వైపు ఎక్కించాలి. ఇద్దరూ అయ్యాకే నాడె ఇటు నుంచి అటు సాగుతుంది. ఒక్కరే కూర్చుంటే సగం బుటా దగ్గర చీర ఆగిపోతుంది.

ఆమె ఆసుపత్రి నుంచి, కోర్టు నుంచి తిరిగొచ్చింది. గుంట మగ్గంలో కాళ్లు దించి కూర్చుంది. నెలల తరబడి ఎవరూ ముట్టని పడుగు మీద దుమ్ము దులిపింది. వీధిలో సైకిలు గంట, పక్కింటి మగ్గం చప్పుడు. తన వైపు బుటా ఎక్కించి, చేతులు ఒళ్లో పెట్టుకుని ఎదురుచూస్తోంది. పక్క చోటు ఖాళీగా ఉంది. ఇంతకుముందు అక్కడ కూర్చునే వదిన గుమ్మం దగ్గర, సగం లోపల సగం బయట, ఆగిపోయి ఉంది. వెనకనుంచి అత్తగారి గొంతు ఏదో అంటోంది. వదిన కాసేపు అలాగే నిలబడి, చెప్పులు వదిలి లోపలికి వచ్చి, ఏమీ మాట్లాడకుండా గుంటలోకి కాళ్లు దించి, తెగిన పోగు ఎక్కడుందో వెతకడం మొదలుపెట్టింది.